బంతి మీద కూర్చున్నట్టు

మొదట నేను అనుమానించింది కుర్చీని. ఆఫీసులో మధ్యాహ్నం మూడు దాటాక కింద ఏదో ఉండలా ఒత్తుకునేది. లేచి చూస్తే కుర్చీ మీద ఏమీ ఉండేది కాదు. బట్టలు మడతపడ్డాయేమోనని సర్దుకుని మళ్లీ కూర్చునేదాన్ని. పది నిమిషాలకు మళ్లీ అదే, చిన్న రబ్బరు బంతి మీద కూర్చున్నట్టు. నెల రోజులు ఆ బంతి కోసం కుర్చీలోనే వెతికాను. ఒక సాయంత్రం స్నానం చేస్తుండగా చేతికి తగిలింది. అది ఉన్నది కుర్చీలో కాదు, నాలోనే.

గడ్డ అనుకుని రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. మూడో రోజు డాక్టరు దగ్గరకు వెళ్లాను. ఆవిడ పరీక్ష చేస్తూ దగ్గమన్నారు, ముక్కమన్నారు. "గర్భసంచి కాస్త జారింది. దానికంటే మూత్రసంచి ఎక్కువ జారింది. మీ చేతికి తగిలింది అదే, యోని ముందు గోడను తోసుకుని కిందికి వస్తోంది" అని చెప్పారు. కాగితం మీద రెండో దశ అని రాశారు. మొత్తం నాలుగు దశలట. జారిన భాగం అంచు యోని ద్వారం దగ్గరి హైమెన్ పొరకు ఒక సెంటీమీటరు పైనో కిందో ఉంటే అది రెండోది. నాకు 49 ఏళ్లు. ఇద్దరు పిల్లలు, రెండూ మామూలు కాన్పులే. నెలసరి ఆగిపోయి ఏడాది దాటింది. మలబద్ధకం ఏళ్ల నాటిది. కారణాల కోసం ఆవిడ అడిగిన ప్రతి ప్రశ్నకూ అవును, అవును అంటూ వచ్చాను. పరీక్షలో అన్నిటికీ మార్కులు పడ్డట్టు అనిపించింది.

"ప్రాణానికి ముప్పు లేదు. మూత్రం రాకుండా ఆగిపోయినా, రక్తం కనిపించినా మాత్రం ఆలస్యం చేయకుండా రండి" అన్నారు. వ్యాయామం, జారిన భాగానికి ఆసరాగా యోని లోపల పెట్టే రింగు, ఆపరేషన్, ఇవీ దారులు. ముందు ఫిజియోథెరపిస్టు దగ్గర మూడు నెలలకు పైగా వ్యాయామం చేయాలి, తర్వాత మిగతావి చూద్దాం అన్నారు.

తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగి అడిగాను. "నాది లెక్కల పని. రోజుకు ఎనిమిది గంటలు కూర్చునే ఉంటాను. ఎలా కూర్చోవాలి?"

"మీకు ఎలా సౌకర్యంగా ఉంటే అలా కూర్చోండి" అన్నారు.

మంచి ఉద్దేశంతోనే చెప్పిన మాట. కానీ అది నన్ను నెల రోజులు తప్పుదారి పట్టించింది. ఎందుకంటే అంతవరకూ నా దృష్టిలో సౌకర్యం అంటే మెత్తదనమే.

ఫిజియోథెరపిస్టును కలవడానికి నాలుగు వారాల గడువు ఉంది. ఈలోగా నా వైద్యం నేనే మొదలుపెట్టాను. మధ్యలో గుండ్రటి రంధ్రం ఉండే మెత్త ఒకటి తెప్పించాను. మొలల ఆపరేషన్ అయినవాళ్లు వాడతారే, అది. ఒత్తుకునే చోట ఏమీ తగలదు కదా అని నా తర్కం. దాని మీద మొదటి పావుగంట హాయిగానే ఉండేది. గంటకల్లా లోపలిదంతా ఆ రంధ్రంలోకి వేలాడుతున్నట్టు ఉండేది. తర్వాత, కూర్చుంటే ఒళ్లంతా దిగబడే నురుగు దిండు కొన్నాను. సాయంత్రాలు ఇంట్లో అందరికంటే ముందు సోఫా మూల నాది. వెనక్కి వాలి, నడుము కిందికి జార్చి, కాళ్లు చాపుకుని, టీవీ చూస్తూ విశ్రాంతి తీసుకుంటున్నానని నమ్మేదాన్ని. ఆ సోఫాలోంచి లేచేటప్పుడు మాత్రం పొద్దున్నుంచీ లేని బరువు ఒక్కసారిగా కిందికి దిగేది. విశ్రాంతి తీసుకున్న కొద్దీ ఎందుకు ఎక్కువవుతోందో అర్థమయ్యేది కాదు. రోగం ముదురుతోందని ఏడ్చిన రాత్రులు ఉన్నాయి.

ఫిజియో గదిలో నాకు ఇచ్చింది వీపు ఆనించుకునే వీలు లేని ఒక చెక్క స్టూలు. "ఇంట్లో ఎలా కూర్చుంటారో అలాగే కూర్చోండి" అన్నారు ఆవిడ. కూర్చున్నాను. "ఇప్పుడు రెండు అరచేతులూ పిరుదుల కింద పెట్టండి." పెట్టాను. "గట్టిగా ఏమైనా తగులుతున్నాయా?" తగల్లేదు. కాస్త ముందుకు ఒరగమన్నారు. అప్పుడు తగిలాయి, అటొకటి ఇటొకటి, రెండు మొండి ఎముకలు. అరచేతుల్లో గుచ్చుకున్నాయి.

"మనిషి కూర్చోవలసింది వీటి మీద. మీరు ఇన్నాళ్లూ వీటి వెనక, తోక ఎముక మీద కూర్చుంటున్నారు."

ఆ తర్వాత పది నిమిషాలు ఆవిడ నాతో ఒకటే పని చేయించారు. ఆ రెండు ఎముకల మీద ముందుకూ వెనక్కూ ఊగడం. వెనక్కి ఒరిగితే నడుము గూనిలా వంగి, పొట్ట మడతపడి, బరువంతా నిట్టనిలువుగా యోని మీదికి వచ్చినట్టు ఉంది. మరీ ముందుకు ఒరిగి నడుము లోపలికి విరిచితే కండరాలన్నీ బిగుసుకుపోయి ఊపిరి ఆడటం లేదు. ఆ రెండింటికీ నడుమ ఒకచోట, ఎముకల సరిగ్గా పైన, కొద్దిగా ముందుకు, బంతి చిన్నదైంది. మాయం కాలేదు. చిన్నదైంది. ఆ తేడా చూపించడానికి ఎనిమిది వారాలు ఎవరూ లేకపోయారు కదా అని కళ్లలో నీళ్లు తిరిగాయి. స్టూలు మీద అటూ ఇటూ ఊగుతూ ఏడ్చిన మనిషిని ఆవిడ ఎంతమందిని చూశారో, ఏమీ అనకుండా కాగితపు రుమాలు అందించారు.

బొమ్మ గీసి చెప్పారు. కటి ఎముకను మనం నేల మీద బోర్లించని గిన్నెలా ఊహించుకుంటాం. నిజానికి నిటారుగా ఉన్న మనిషిలో ఆ గిన్నె చాలావరకు ముందుకు ఒరిగి ఉంటుంది. పొట్టలోని బరువు కొంత ముందరి జఘనాస్థి మీదా, పొట్ట గోడ మీదా పడుతుంది. నడుము జార్చి కూర్చుంటే గిన్నె వెనక్కి తిరుగుతుంది, ఆసరా ఇచ్చే ఎముక పక్కకు తప్పుకుంటుంది, బరువు తిన్నగా కిందనున్న కండరాల మీదికి వస్తుంది. ఇంకో సంగతి కూడా చెప్పారు. వీపు నిటారుగా, దేనికీ ఆనకుండా కూర్చున్నప్పుడు కటి అడుగు కండరాలు మనం అడగకుండానే కొంత బిగువుతో ఉంటాయట. కూలబడి కూర్చుంటే ఆ బిగువు తగ్గిపోతుంది. కండరాల విద్యుత్తును కొలిచి తేల్చిన మాట ఇది. అంటే నేను సోఫాలో జారిపడి కూర్చున్న ప్రతి సాయంత్రం పైనుంచి బరువు పెంచి, కింద కాపలావాళ్లను పడుకోబెట్టానన్నమాట.

"అయితే రోజంతా కర్రలా నిటారుగా కూర్చోవాలా?" అని అడిగాను.

"కూర్చోలేరు. కూర్చోనక్కర్లేదు కూడా. మీ ఒంట్లో ఈ చోటు ఎక్కడుందో తెలిస్తే చాలు, జారిపోయినప్పుడల్లా తిరిగి వస్తారు" అన్నారు. రంధ్రం ఉన్న మెత్త సంగతి చెబితే నవ్వేశారు. ఆసరా కావలసిన చోటే రంధ్రం పెట్టుకున్నానట. ఒక చేతి తువ్వాలును బొటనవేలంత లావున చుట్టి, ముందు నుంచి వెనక్కి పొడుగ్గా ఉండేలా, కాళ్ల నడుమ కిందికి వచ్చేలా స్టూలు మీద పరిచి దాని మీద కూర్చోమన్నారు. ఒత్తుకునే చోటే ఒత్తు పెట్టుకోవడం వింతగా తోచింది. కానీ కింద నుంచి ఎవరో అరచేయి పట్టినట్టు అనిపించింది. పైగా కండరాన్ని పైకి లాగే వ్యాయామం చేసేటప్పుడు ఆ తువ్వాలు నుంచి లేస్తున్నానో లేదో స్పష్టంగా తెలిసేది. 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికన్ స్త్రీవైద్యుడు ఈ కండరాల వ్యాయామం గురించి రాశాడని, అందుకే దానికి ఆయన పేరు పడిందని అప్పుడే తెలిసింది. అంతవరకు నేను చేసినవన్నీ పొట్ట బిగించి, పిరుదులు నొక్కి, ఊపిరి బిగబట్టి చేసిన తప్పుడు కెగెల్స్.

ఇంటికి వచ్చి ఒక నోటుబుక్కు పెట్టాను. లెక్కల మనిషిని, అంకె వేయకపోతే నాకు ఏదీ నిజం కాదు. ఏ కుర్చీలో ఎంతసేపు కూర్చున్నానో, లేచేటప్పుడు బరువు సున్నా నుంచి పదిలో ఎంత ఉందో రాసుకునేదాన్ని. మూడు వారాల తర్వాత చూస్తే నేను అనుకున్న క్రమం తలకిందులైంది. ఇంట్లో అన్నిటికంటే చెత్త సీటు సోఫా. అన్నిటికంటే మంచిది ఎవరూ కూర్చోని పాత చెక్క కుర్చీ.

ఆ కుర్చీలో ఏముందో టేపుతో కొలిచి చూశాను. నేను కూర్చుంటే తుంటి మోకాళ్ల కంటే రెండు మూడు వేళ్లు ఎత్తులో ఉంటుంది, అయినా పాదాలు రెండూ నేల మీద పూర్తిగా ఆనుతాయి. సీటు లోతు తక్కువ, వీపు వెనక ఆనినా మోకాలి వెనక మూడు వేళ్ల సందు మిగులుతుంది. సీటు వెనక్కి వాలి లేదు. చేతులు ఉన్నాయి, లేచేటప్పుడు పట్టుకోవచ్చు. గట్టిగా ఉంది. గట్టిదనం మీద ఇంకో మాట. రాయిలా ఉంటే ఎముకలు నొప్పి పెట్టి మళ్లీ జారి కూర్చుంటాం. ఒకటిన్నర అంగుళం మందాన నాలుగు మడతలు వేసిన దుప్పటి సరిపోయింది. కొన్న రెండు మెత్తలకంటే అదే మేలు.

ఆఫీసు కుర్చీతో మాత్రం యుద్ధమే. చూడటానికి ఖరీదైనది, పొడవాటి సీటు, వెనక్కి వాలే వీపు, కూర్చోగానే మనిషిని లోపలికి లాక్కునే రకం. వీపు ఊగకుండా మీట బిగించాను. ఎత్తు పెంచాను. సీటు మీద వెనక ఎత్తుగా, ముందు పల్లంగా ఉండే ఏటవాలు మెత్త వేశాను, కటి ముందుకు ఒరగడానికి. ఎత్తు పెంచేసరికి పాదాలు గాలిలో తేలాయి. పాదాల కింద పీట పెట్టాను. ఇక్కడ ఒక తెలివితక్కువ పని చేశాను, చెప్పక తప్పదు. అదే వారం ఫిజియో, మరుగుదొడ్డిలో కమోడ్ మీద కూర్చున్నప్పుడు పాదాల కింద పీట పెట్టుకుని మోకాళ్లు తుంటికంటే ఎత్తులో ఉంచమన్నారు. పీట మంచిదే కదా అని ఆఫీసులోనూ ఎత్తుపీట పెట్టి నాలుగు రోజులు మోకాళ్లు గడ్డానికి దగ్గరగా పెట్టుకుని లెక్కలు చూశాను. నోటుబుక్కులో ఎనిమిదిలు, తొమ్మిదిలు పడ్డాయి. తర్వాత ఆవిడ విడమరచి చెప్పారు. మలద్వారం వెనక పట్టీలా చుట్టుకుని ఒక కండరం ఉంటుంది. మోకాళ్లు ఎత్తి ముందుకు వంగితే ఆ పట్టీ వదులవుతుంది, దారి సాఫీ అవుతుంది. అది వదలవలసిన చోటు. పని చేసుకునే కుర్చీలో వదలకూడదు, మోకాళ్లు కిందికే ఉండాలి. రెండు కుర్చీలు, రెండు పనులు. పీట పల్చటిది చేశాక అంకెలు దిగాయి.

మరుగుదొడ్డి సంగతి వచ్చింది కాబట్టి చెబుతాను, సిగ్గుపడి దాటవేస్తే ఈ రాతకు అర్థం లేదు. ఎనిమిది గంటల కుర్చీకంటే ఎనిమిది నిమిషాల ముక్కుడు ఎక్కువ చెడుపు చేస్తుంది. నేను పీట మీద పాదాలు పెట్టి, మోచేతులు తొడలమీద ఆనించి ముందుకు వంగి, పొట్టను వదులుగా ఉబ్బనిచ్చి, ఊపిరి వదులుతూ కూర్చోవడం నేర్చుకున్నాను. రాకపోతే లేచి వచ్చేస్తాను. ఫోను లోపలికి తీసుకెళ్లడం మానేశాను. మూత్రానికి బయటి మరుగుదొడ్లలో సీటుకు తగలకుండా గాలిలో సగం కూర్చునే అలవాటు ఉండేది. అలా ఉంటే కటి కండరాలు వదులు కావు. ఇప్పుడు కాగితం పరిచి పూర్తిగా కూర్చుంటాను. అయిపోయిందనిపించాక ఒకసారి లేచి నిలబడి మళ్లీ కూర్చుని ముందుకు వంగితే మూత్రసంచి మడతలో మిగిలినది కూడా వస్తుంది.

రకరకాల సీట్లు కూడా ప్రయత్నించాను. గాలి నింపిన పెద్ద వ్యాయామ బంతి మీద పావుగంట బాగుంటుంది, ఆ తర్వాత అలిసిపోయి దాని మీదే కూలబడతాను. గుర్రపు జీను ఆకారపు స్టూలు కొందరికి బాగుంటుందన్నారు. నాకు ముందు గోడ జారింది, ఆ జీను సరిగ్గా అక్కడే నొక్కింది. పది నిమిషాల్లో దిగాను. మోకాళ్లు ఆనించి కూర్చునే వాలు కుర్చీ నడుముకు బాగుంది కానీ మోకాలి చిప్పలు ఊరుకోలేదు. నేల మీద బాసిపట్టు వేసుకోవడం నిషేధమనుకుని మానేశాను, అది కూడా అపోహే. పిరుదుల కింద మడత దుప్పటి పెట్టి తుంటిని మోకాళ్లకంటే ఎత్తు చేస్తే అరగంట సుఖంగా కూర్చోగలను. అసలు చిక్కు కూర్చోవడంలో కాదు, నేల మీద నుంచి లేవడంలో ఉంది. పక్కకు తిరిగి, మోకాళ్ల మీదికి వచ్చి, ఒక పాదం ముందు పెట్టి, కుర్చీనో గోడనో పట్టుకుని లేస్తాను.

లేవడం గురించి ఎవరూ ముందుగా ఎందుకు చెప్పరో తెలియదు. రోజుకు నలభై యాభై సార్లు లేస్తాం. నేను ప్రతిసారీ ఊపిరి బిగబట్టి, పొట్ట బిగించి, ఒక్క ఊపున లేచేదాన్ని. ఇప్పుడు సీటు అంచుకు జరుగుతాను, పాదాలు మోకాళ్ల కిందికి వెనక్కి లాక్కుంటాను, ముక్కు పాదాల పైకి వచ్చేదాకా ముందుకు వంగుతాను, ఊపిరి వదులుతూ కింది కండరాన్ని పైకి లాగి అప్పుడు లేస్తాను. చదవడానికి ఇంత ఉంది గానీ చేయడానికి రెండు సెకన్లు. దగ్గు, తుమ్ము వచ్చే ముందు కూడా అంతే, ముందు కింద బిగించి తర్వాత తుమ్మడం. మొదటి నెలంతా తుమ్మే నాకంటే ముందు వచ్చేది.

కారులో మాత్రం పెద్ద విద్య లేదు. సీటు వెనక భాగం గుంటలా ఉంటుంది, ఆ గుంటను మడత తువ్వాలుతో పూడ్చి, వీపును కాస్త నిలబెడితే గంట ప్రయాణం భరించగలను. గంటకోసారి ఆగి దిగుతాం. మా వారు ఇప్పుడు తాళాలతో పాటు తువ్వాలు కూడా అడుగుతారు.

ఇంతా చేసి, ఎంత మంచి భంగిమలో కూర్చున్నా రెండు గంటలు కదలకుండా కూర్చుంటే నోటుబుక్కులో ఐదుకు తక్కువ పడలేదు. నలభై నిమిషాలకు ఫోనులో గంట పెట్టుకున్నాను. మోగితే లేచి నీళ్లు తాగే చోటుకు వెళ్లి వస్తాను. సాయంత్రం ఇంటికి రాగానే సోఫాలో కూర్చోను, పడుకుంటాను. పక్కకు తిరిగి గానీ, వెల్లకిలా పడుకుని పిక్కలు కుర్చీ మీద పెట్టి గానీ, ఇరవై నిమిషాలు. కూర్చోవడమూ కాని, పడుకోవడమూ కాని ఆ నడిమి భంగిమ ఉందే, దానికి మాత్రం నమస్కారం పెట్టేశాను. "అమ్మా, సోఫా ఇక నాదేనా?" అని మా అమ్మాయి అడిగింది. ఇచ్చేశాను.

నాలుగు నెలల వ్యాయామం తర్వాత డాక్టరు మళ్లీ పరీక్ష చేశారు. దశ మారలేదు, రెండే. నా నోటుబుక్కులో సాయంత్రపు అంకె మాత్రం ఏడు నుంచి మూడుకు వచ్చింది. కుర్చీ మార్చితే జారినది పైకి వెళ్లదని నాకు ముందే చెప్పారు, అయినా లోలోపల ఆశ పెట్టుకున్నాను కాబట్టి కాస్త దిగులు వేసింది. నెలాఖరు పద్దుల రోజుల్లో ఎక్కువసేపు కూర్చోవలసి వస్తుందని చెబితే సిలికాన్ రింగు పెట్టి చూద్దామన్నారు. మొదట పెట్టినది నిలబడితే బాగుంది, కూర్చుంటే అంచు ముందు వైపు ఎముకకు ఒత్తుకుంది. సరిపోయిన రింగు ఉన్నట్టే తెలియకూడదట. ఒక సైజు తగ్గించి, అక్కడే కూర్చోబెట్టి, నడిపించి, దగ్గించి, మరుగుదొడ్డికి పంపి చూశాకే ఇంటికి వెళ్లనిచ్చారు. ఇప్పుడు దానిని నేనే తీసి కడిగి పెట్టుకోగలను.

ఆ ఆసుపత్రి గురించి ఒక్క ఫిర్యాదు. స్త్రీల విభాగం ముందు, వేచి ఉండే గదిలో ఉన్నవన్నీ లోతైన మెత్తటి సోఫాలు. లోపలికి వెళ్లేవాళ్లలో సగంమందికి నాలాంటి బాధే. ప్రతిసారీ ఆ సోఫాలో గంట కూలబడి, నాలుగున్న అంకెను ఏడు చేసుకుని పరీక్షకు వెళ్లేదాన్ని. క్రితంసారి వచ్చేటప్పుడు సలహాల పెట్టెలో చీటీ వేశాను. చేతులున్న రెండు గట్టి కుర్చీలు వేయండి అని, ఎత్తు కూడా సెంటీమీటర్లలో రాశాను. నిన్న రింగు చూపించుకోవడానికి వెళ్తే నిజంగానే ఒక మూల రెండు మామూలు కుర్చీలు వేసి ఉన్నాయి. నేను వెళ్లేసరికి రెండింట్లోనూ ఎవరో కూర్చుని ఉన్నారు, సోఫాలన్నీ ఖాళీ. గోడ పక్కన నిలబడి నా వంతు కోసం చూశాను.